గెలాక్సీ అంచున పోస్టింగ్

ఢిల్లీ కంటోన్మెంట్,
18 జనవరి 2024

ప్రత్యూషా,

ఆదివారం నువ్వు ఊళ్ళోకొచ్చి ఫోన్ చేస్తావు సరే, ఆ ఫోన్ నా చేతికి దక్కేదెక్కడ? ముందు నేహా లాక్కుంటుంది, దాని దగ్గర్నుంచి అర్జున్ లాక్కుంటాడు, చివరికి నాకు మిగిలేది "బాగున్నావా" ఒక్కటే. అందుకే ఉత్తరం. కొండల మీద మీ అన్నయ్య ఉన్నచోట సిగ్నల్ ఉండదు గనక ఆయనకి ఎలాగూ వారం వారం రాస్తున్నాను. ఆ కూర్చోవడంలోనే నీకూ ఒకటి రాసేస్తాను. నువ్వుండే ఆ టెలిస్కోపుల దగ్గర మొబైల్ ఆన్ చేస్తే నేరమట కదా! అన్నాచెల్లెళ్ళిద్దరూ కూడబలుక్కుని నాకు దొరకని చోట్లు చూసుకున్నారు.

ఇక్కడ పొగమంచు. పాలం విమానాశ్రయం వైపు విమానాలు దిగుతున్న చప్పుడు వినపడుతుంది, విమానం మాత్రం కనపడదు. పిల్లల స్కూలు మళ్ళీ సెలవు. ఇద్దరూ ఇంట్లో కొట్టుకుంటూ, నాకు ఫిర్యాదులు హిందీలో చేస్తున్నారు. తెలుగులో చెప్తేనే వింటానంటే రాజీ పడిపోతున్నారు.

అసలు సంగతికొస్తాను. నిన్న పక్క క్వార్టర్ భావన, మీ ఆడపడుచు దేనిమీద పీహెచ్‌డీ చేస్తోందని అడిగింది. గెలాక్సీల మీద అని గొప్పగా చెప్పాను. గెలాక్సీలో ఏం చూస్తుందంది. "బయటి అంచు" అన్నాను. ఆవిడ "అచ్ఛా" అని ఊరుకుంది. ఆ అచ్ఛా నాకు రాత్రంతా గుచ్చుకుంది. మరి మధ్యభాగం ఎవరికిచ్చారు? నీతో పాటు చేరిన సుధీర్‌కి అని నువ్వే చెప్పినట్టు గుర్తు. వాడికి మధ్య, నీకు అంచా? మా మిలిటరీలో ఎవరినైనా అంచుకి పంపారంటే వంతు వచ్చి ఉండాలి, లేదా పైవాడికి కోపం వచ్చి ఉండాలి. నీ విషయంలో ఏది?

దాచకుండా రాయి. సున్నుండలు పార్సెల్ చేస్తున్నాను, డబ్బా మాత్రం వెనక్కి కావాలి.

మీ వదిన,
చెంచులక్ష్మి


టెలిస్కోపు హాస్టల్, పుణె దగ్గర,
29 జనవరి 2024

వదినా,

డబ్బా వెనక్కి వస్తుంది, సున్నుండలు రావు. మూడో రోజుకే ఖాళీ.

భావనగారి అచ్ఛాకి జవాబు ఇదిగో. ఫోటోలో గెలాక్సీ అంటే మనకి కనపడే వెలుగు చక్రం ఉంటుంది చూశావా, అది సగం కథే. దాని చుట్టూ హైడ్రోజన్ వాయువు ఇంకా రెండు మూడింతల దూరం వరకు పరుచుకుని ఉంటుంది. కంటికి అక్కడ ఉత్త చీకటి. రేడియోలో వింటేనే ఉందని తెలుస్తుంది. ఆ వాయువు మరీ పలచన, అక్కడ నక్షత్రాలు పుట్టవని చాలాకాలం అనుకున్నారు. పుడుతున్నాయి! ఎలా పుడుతున్నాయో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. అది నాకు కావాలి. ఆ అంచుని నేనే అడిగి తీసుకున్నాను వదినా, ఎవరికీ నామీద కోపం రాలేదు.

కోపం అంటే గుర్తొచ్చింది, పోయిన వారం నిజంగానే తిట్లు తిన్నాను. అంచుకి బాగా అవతల ఒక వాయువు మేఘం దొరికిందని ఎగిరి గంతేసి ఢిల్లీలో ఉన్న మా గైడ్ ఉమాశంకర్ సార్‌కి మెయిల్ కొట్టాను. తీరా చూస్తే అది మేఘం కాదు, ఎవరిదో యంత్రం చేసిన రొద మా యాంటెన్నాల్లో పడింది. "రెండుసార్లు చూసుకోకుండా రాయకు" అని ఒకే వాక్యం జవాబు రాశారు. అప్పట్నుంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా డేటాలోంచి ఈ రొద ఏరడమే పని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. మెడ పట్టేస్తోంది. మెస్‌లో ఉప్మా పేరుతో ఏదో పెడుతున్నారు.

నా గెలాక్సీకి పేరు లేదు, కాటలాగులో నంబరు మాత్రమే. సప్తర్షుల తోక చివర ఉంటుంది. వెతక్కు, కంటికి కనపడదు.

పిల్లలకి ముద్దులు. అన్నయ్యకి రాసేటప్పుడు నేను బాగున్నానని రాయి.

నీ ప్రత్యూష


ఢిల్లీ కంటోన్మెంట్,
9 ఫిబ్రవరి 2024

ప్రత్యూషా,

నేనే అడిగి తీసుకున్నాను అని రాశావు. చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. మీ అన్నయ్య కూడా ఈ పోస్టింగ్ వచ్చినప్పుడు అచ్చం ఇదే మాట అన్నారు. "నేనే వాలంటీర్ చేశాను చెంచూ, అక్కడ బాగుంటుంది" అని. పెట్టె సర్దుతూ నా మొహం వైపు చూడలేదు. మీ ఇంట్లో పుట్టిన వాళ్ళందరికీ ఇదే అలవాటు. కష్టం నెత్తిన పడితే దాన్ని ఏరికోరి తెచ్చుకున్నట్టు మాట్లాడతారు.

మెడ పట్టేసింది, తిండి సరిగ్గా లేదు, తప్పు నీది కాకపోయినా తిట్లు. పైగా రాళ్ళు ఏరే పని. ఇది చదువుకున్న పిల్లకి చెయ్యాల్సిన మర్యాదేనా? సుధీర్ ఏరుతున్నాడా రాళ్ళు?

నువ్వు నోరు విప్పవు, నాకు తెలుసు. నేను చూసుకుంటాను. పద్నాలుగేళ్ళుగా కంటోన్మెంట్లలో బతుకుతున్నాను, ఎవరిని ఎక్కడ కలవాలో, ఏం మాట్లాడాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆదివారం ఫోన్‌లో ఏమీ అడక్కు, అన్నీ అయ్యాక నేనే చెప్తాను.

మెడకి ఆవనూనె వెచ్చచేసి రాసుకో.

చెంచులక్ష్మి


టెలిస్కోపు హాస్టల్,
12 ఫిబ్రవరి 2024

వదినా!

నీ జవాబు ఇంకా రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. ఏరడం అయిపోయింది. రొదంతా పోయాక నా గెలాక్సీ వాయువు బయటపడింది, పెద్ద చక్రం, ఒక పక్కకి కాస్త వంగి! దానిమీద ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో తీసిన ఫోటో పరిచి చూశాను. మామూలు ఫోటోలో గెలాక్సీ ఎక్కడ ఆగిపోతుందో, దానికి రెట్టింపు దూరంలో, చీకట్లో, ఒక నీలం మచ్చ. సరిగ్గా వాయువు కాస్త చిక్కబడ్డ చోటే.

అతినీలలోహితంలో అంతగా వెలిగేవి లేత నక్షత్రాలే. అవి ఎక్కువకాలం బతకవు. కాబట్టి అక్కడ వెలుగు ఉందంటే ఈమధ్యే పుట్టాయన్నమాట. ఈమధ్యే అంటే మా లెక్కలో పది కోట్ల ఏళ్ళలోపు, కంగారుపడకు.

ఒక్క అనుమానం మిగిలింది. ఆ మచ్చ మా గెలాక్సీది కాకుండా, ఎక్కడో వెనకాల ఉన్న వేరే గెలాక్సీ అయినా కావచ్చు. లడఖ్‌లో ఉన్న టెలిస్కోపుతో దాని కాంతిని విడదీసి చూస్తే ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. మా వాయువు వేగమూ అదీ ఒకటే అయితే అది మాదే. ఈసారి రెండుసార్లు కాదు, పదిసార్లు చూసుకున్నాను. ఇంకో వారం చూసి సార్‌కి రాస్తాను. ఇది నాది వదినా. పుట్టిన దగ్గర్నుంచి ఇంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

నీ ప్రత్యూష


ఢిల్లీ కంటోన్మెంట్,
22 ఫిబ్రవరి 2024

ప్రత్యూషా,

కూర్చుని చదువు. నీ బదిలీ అయిపోయింది.

పోయిన బుధవారం పిల్లల్ని భావన దగ్గర వదిలి మీ గైడ్ గారిని కలిశాను. ఢిల్లీలో ఉన్నప్పుడు నువ్వుండే జియా సరాయ్ గది దగ్గరి నుంచి ఆటోవాడు అడ్డదారిలో తీసుకెళ్ళాడు. "భయ్యా, సైంటిస్టుల ఆఫీసు" అంటే వాడికి అర్థమైపోయింది. ఉమాశంకర్ గారు మర్యాదస్తుడే. ఊరికే మనమే భయపడతాం. టీ తెప్పించారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆడపిల్ల, దూరంగా ఒంటరిగా ఉంది, ఆరోగ్యం బాగాలేదు, నోరు విప్పి అడిగే రకం కాదు, ఇంటి పరిస్థితులు చూసి దయచేసి అంచు నుంచి తీసి మధ్యకి మార్చండి అని. మా దగ్గర దీన్ని కంపాషనేట్ గ్రౌండ్స్ అంటారు, అడిగితే ఇస్తారు. కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "సరేనమ్మా, ఆ అమ్మాయి మీద ఇంత భారం ఉందని నాకు తెలీదు, చూస్తాను" అన్నారు.

నీ పన్నెండో తేదీ ఉత్తరం నేను వెళ్ళొచ్చాక అందింది. నీలం మచ్చ సంగతి బాగుంది. అంచులోనే ఇంత కనిపెట్టావు, ఇక మధ్యలో కూర్చోబెడితే ఎంత కనిపెడతావో!

స్వీటు నువ్వే కొనుక్కుని తిను. ఇక్కడ మేం హల్వా చేసుకున్నాం.

చెంచులక్ష్మి


టెలిస్కోపు హాస్టల్,
24 ఫిబ్రవరి 2024

వదినా,

ఏం రాయాలో తెలీడం లేదు. నిన్న సార్ మెయిల్ పెట్టారు. నా గెలాక్సీని సుధీర్‌కి ఇస్తున్నారట. లడఖ్ టెలిస్కోపు సమయం కూడా వాడి పేరు మీదే. నన్నేమో వచ్చే నెలాఖరుకి ఢిల్లీ వచ్చి, గెలాక్సీల మధ్యభాగాల పాత డేటా మీద పనిచెయ్యమన్నారు. "ఇది నీకు సులువుగా ఉంటుంది. ఆరోగ్యం చూసుకో" అని రాశారు.

సులువుగానట! ఆ రొదని మేఘం అనుకున్న రోజే ఆయనకి నామీద నమ్మకం పోయిందన్నమాట. నీలం మచ్చ గురించి పద్దెనిమిదో తేదీన రాశాను, దానికి ఇదీ జవాబు. మళ్ళీ పొరపాటు పడ్డానని అనుకుని ఉంటారు. ఆరోగ్యం మాట మర్యాద కోసం చేర్చి ఉంటారు.

"ఓకే సార్" అని జవాబు పెట్టేశాను. ఇంకేం రాయను? రాత్రి మెస్‌కి వెళ్ళలేదు. రేపు ఊళ్ళోకి వచ్చి ఫోన్ కూడా చెయ్యను. అన్నయ్యకి ఇదేమీ రాయకు.

ప్రత్యూష


టెలిస్కోపు హాస్టల్,
1 మార్చి 2024

వదినా,

నీ ఇరవై రెండో తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఫోన్ చేస్తే అరుస్తాను, పిల్లలు వింటారు, అందుకే రాస్తున్నాను.

నేనే అడిగి తీసుకున్నానని తెలుగులోనే రాశాను కదా? అందులో ఏ మాట అర్థం కాలేదు? అది అన్నయ్య ఉన్న కాశ్మీరు కాదు, నన్ను అక్కడికెవరూ బలవంతంగా తొయ్యలేదు. రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది దొరికిన వారంలోనే నువ్వు వెళ్ళి దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టించావు. పైగా హల్వా చేసుకున్నారు.

నాకు కొన్నాళ్ళు ఉత్తరాలు రాయొద్దు.

ప్రత్యూష


ఢిల్లీ కంటోన్మెంట్,
11 మార్చి 2024

ప్రత్యూషా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఆ హల్వా ఇప్పుడు గొంతులో అడ్డం పడుతోంది. తప్పు నాదే. నీ మాట నమ్మకుండా, నా మనసులో ఉన్నదే నీ ఉత్తరాల్లో చదువుకున్నాను. నన్ను ఎంత తిట్టినా పడతాను.

కానీ ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు గదా. మొన్న మళ్ళీ వెళ్ళాను. ఉమాశంకర్ గారు నన్ను చూడగానే కుర్చీలోంచి సగం లేచారు, ఈసారి ఏం అడుగుతుందోనని. పొరపాటున అడిగాను సార్, ఆ అంచు మా అమ్మాయికే ఇచ్చెయ్యండి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, మీరు మార్చమన్నారని మార్చలేదు. ఆ అమ్మాయి కష్టంలో ఉందేమోనని మెయిల్ రాశాను. తను ఓకే సార్ అని జవాబిచ్చింది. కావాలంటే అడిగేది కదా? ఇప్పుడు మీరు వద్దన్నారని మళ్ళీ మార్చను. నాకు చెప్పాల్సింది తను" అన్నారు. రొద విషయం అడిగాను. ఆయనకి అది గుర్తే లేదు. అలాంటివి తను కుర్రవాడిగా ఉన్నప్పుడు బోలెడు పంపించారట.

కాబట్టి నా తప్పు నేను ఒప్పుకున్నాను, ఇక నీ తప్పు సంగతి చూడు. ఓకే సార్ ఏమిటే? నీ గెలాక్సీని ఎవరో పట్టుకుపోతుంటే ఓకే సార్ అంటావా? నామీద అరిచిన దాంట్లో సగం అక్కడ అరిచి ఉంటే సరిపోయేది. మీ హాస్టల్ ఆఫీసు గదిలో పని మీద మాట్లాడుకోవడానికి ల్యాండ్‌లైన్ ఫోను ఉంటుందన్నావు కదా. వెళ్ళి చెయ్యి. ఇవాళే చెయ్యి.

నీ వదిన


జియా సరాయ్, ఢిల్లీ,
2 ఏప్రిల్ 2024

వదినా,

నీకు గంట దూరంలోనే ఉండి ఉత్తరం రాస్తున్నాను. ఎదురుగా అడిగితే నువ్వు మాట మార్చేస్తావు, అందుకని.

ముందు నీకు కావలసింది చెప్తాను. నా గెలాక్సీ నాకు వచ్చేసింది. ఫోన్‌లో సార్‌తో చెప్పాను, ఆ మచ్చ మీద పని నాదే, నేనే చేస్తాను, మధ్యభాగం నాకొద్దు అని. మధ్యలో ఆగకుండా చెప్పేశాను. ఆయన "నెల కిందటే ఈ మాట చెప్పాల్సింది" అన్నారు. సుధీర్ నాకన్నా ఎక్కువ సంతోషించాడు. గెలాక్సీ నడిబొడ్డున ఉండే బ్లాక్‌హోల్ వదిలి అంచున చీకట్లోకి పొమ్మన్నారని వాడు నెలంతా మొహం మాడ్చుకుని ఉన్నాడట. లడఖ్ టెలిస్కోపుకి వాడి పని మీద ఎలాగూ వెళ్తున్నాడు, నా మచ్చ కాంతి కూడా తీసుకొస్తానన్నాడు.

ఇక రెండో సంగతి. మొదటిసారి వెళ్ళినప్పుడు "కొంచెం గట్టిగానే మాట్లాడాను" అని రాశావు. సార్ అలా చెప్పలేదు. నువ్వు ఏడ్చావన్నారు. "మంచులో, చీకట్లో, పలకరించే దిక్కు లేకుండా మనిషి ఎన్నాళ్ళుంటాడు సార్, ఇంట్లోవాళ్ళు ఏమైపోవాలి" అన్నావట. అందుకే ఆయన అంత కదిలిపోయారు.

వదినా, నేనున్నచోట మంచు లేదు. చుట్టూ ద్రాక్షతోటలు. మెస్‌లో కుర్చీ దొరకనంత జనం. నువ్వు ఎవరి గురించి అడిగావు?

ప్రత్యూష


ఢిల్లీ కంటోన్మెంట్,
8 ఏప్రిల్ 2024

ప్రత్యూషా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తెలివైనదానివే.

ఆయన గురించే. అక్కడ కూర్చుని నీ పేరే చెప్తున్నాననుకున్నాను, మాటలు ఎక్కడికి పోయాయో నాకే తెలీలేదు. ఆయన వెళ్ళి ఏడాదిన్నర అయింది. నేహా పన్ను ఊడితే దాచిపెట్టుకుంది, నాన్న వచ్చాక చూపిస్తానని. అర్జున్ అయితే అడగడం మానేశాడు, అది ఇంకా కష్టంగా ఉంది. మీ అన్నయ్య కోసం అర్జీ పెట్టుకోవచ్చు, నిజమే. ఒకసారి ఆయనతో అన్నాను. "నాతో ఉన్నవాళ్ళందరికీ పెళ్ళాం పిల్లలున్నారు, నేనొక్కడినే దిగిపోతే వాళ్ళ మొహం ఎలా చూడను" అన్నారు. అందుకని నోరు మూసుకున్నాను. నీకు అంచు అనేసరికి ఇక మూసుకోలేకపోయాను.

నిజంగానే ఆయన వాలంటీర్ చేశారేమో కూడా. నువ్వు నిజంగానే అడిగి తీసుకున్నట్టు. ఆ ఆలోచన ఇన్నాళ్ళూ నాకు రాలేదు.

ఈ ఉత్తరం మనిషి చేతికిచ్చి పంపిస్తున్నాను. ఉగాది పచ్చడి కొంచెమైనా తినాలి, రేపు వచ్చెయ్యి. ఈ విషయం మాత్రం పిల్లల ముందు ఎత్తకు.

చెంచులక్ష్మి


జియా సరాయ్,
3 మే 2024

వదినా,

సుధీర్ లడఖ్ నుంచి నిన్న డేటా పంపించాడు. ఫోన్‌లో చెప్పబోయాను గానీ, ఇది కాగితం మీదే ఉండాలనిపించింది.

మచ్చ మాదే! వాయువు ఎంత వేగంతో తిరుగుతోందో అదీ అంతే వేగంతో, దానితోపాటే తిరుగుతోంది. వెనకాల ఉన్న వేరే గెలాక్సీ అయితే ఈ వేగం వచ్చే ప్రసక్తే లేదు. అంత దూరంలో, అంత పలచని వాయువులో, పుట్టకూడదని అందరూ అనుకున్న చోట, కొత్త నక్షత్రాలు నిక్షేపంగా వెలుగుతున్నాయి. సార్ ఈసారి కూడా ఒకే వాక్యం రాశారు, "పేపరు మొదలుపెట్టు" అని. దాన్ని పదిసార్లు చదువుకున్నాను.

పేపరు చివర సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్తాం. నీ పేరు పెడతానంటే సార్ పడీపడీ నవ్వారు. "ఏమని రాస్తావు, అంచుని మధ్యకి మార్పించబోయినందుకా?" అన్నారు. అయినా పెడుతున్నాను. నువ్వు తిట్టి ఉండకపోతే ఇవాళ ఈ డేటా నా చేతిలో ఉండేది కాదు.

నీ ప్రత్యూష


ఢిల్లీ కంటోన్మెంట్,
11 మే 2024

ప్రత్యూషా,

నీ ఉత్తరం భావనకి చదివి వినిపించాను. ఈసారి ఆవిడ అచ్ఛా అనలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని అంతా రెండోసారి చెప్పించుకుంది. ఇప్పుడు మా క్వార్టర్ల లైన్‌లో అందరికీ తెలుసు మా అమ్మాయి పోస్టింగ్ ఎక్కడో. పేపర్లో నా పేరు పూర్తిగా రాయి, ఇంటిపేరుతో సహా.

ఇక నా వార్త. ఈసారి ఎవరి ఆఫీసుకీ వెళ్ళలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. పిల్లల స్కూలుకి సెలవులిచ్చారు. మీ అన్నయ్య పోస్టు కింద ఒక ఊరుంది, పేరు ఉత్తరంలో రాయకూడదు. అక్కడిదాకా ఆడవాళ్ళూ పిల్లలూ వెళ్ళొచ్చట. ఆయనకి అక్కడికి దిగి రావడానికి నాలుగు రోజులు దొరుకుతాయి. ఏడాదిన్నరగా ఆయన్ని ఇక్కడికి ఎలా రప్పించాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను గానీ, నేను వెళ్ళొచ్చని ఒక్కరోజూ తట్టలేదు చూడు. టికెట్లు కొన్నాను, స్వెట్టర్లు మళ్ళీ బయటికి తీశాను. నేహా ఊడిన పన్ను పొట్లం కట్టుకుంది. అర్జున్ నాన్నతో తెలుగులోనే మాట్లాడతానని, అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తున్నాడు.

అక్కడ రాత్రిపూట ఆకాశం నిండా చుక్కలే అని మీ అన్నయ్య ఎప్పుడో రాశారు. అప్పుడు నాకు ఆ మాట మీద కోపం వచ్చింది, ఇక్కడ మా గతేమిటో అడగకుండా చుక్కల గురించి రాశారని. ఇప్పుడు చూడాలని ఉంది. సప్తర్షులు ఆయనకి బాగా తెలుసు. తోక చివరిదాకా చూపించమని, అదిగో అక్కడే మన ప్రత్యూష పనిచేసేది అంటాను. అక్కడేమీ కనపడటం లేదే అంటారు. కనపడదు, కూర్చోండి చెప్తాను అంటాను. నాలుగు రోజులుంటాం కదా, తొందరేముంది.

నీ వదిన,
చెంచులక్ష్మి